తిరిగి చదవడం

చిత్తూరు, గ్రీమ్స్‌పేట, రాత్రి పదకొండున్నర.
మూతబడిన నెట్ సెంటర్ వాళ్ళు రెండువేలకిచ్చిన మానిటర్లో
బెంగుళూరు వెనకబడి చాలాసేపయింది.
అద్దం నిండా మబ్బు.
రెక్క చివర లైటు వెలిగినప్పుడల్లా గంజి తెలుపు,
ఆరితే మసి.

హెడ్‌సెట్లో ఒక అమ్మాయి గొంతు.
పేరు చెప్పదు, "చెన్నై అప్రోచ్" అంటుంది, అంతే.
మద్రాసులో ఉందో మదనపల్లెలో ఉందో,
ఇందాక వెనకాల కుక్కర్ విజిల్ వేసింది.
విమానం ఉత్తది, మబ్బు ఉత్తది,
గొంతు మాత్రం నిజం.
తప్పు చదివితే ఊరుకోదు.

"ఫోర్ వన్ సెవెన్ టూ, టర్న్ లెఫ్ట్, హెడింగ్ జీరో ఫైవ్ జీరో."
ఫోర్ వన్ సెవెన్ టూ నా చివరి బండి నంబరు.
పలమనేరు సర్వీసు, పదకొండేండ్లు.
"లెఫ్ట్, జీరో ఫైవ్ జీరో," తిరిగి చదువుతా.
నేను వింటే చాలదు,
విన్నానని ఆమె వినాల.

వేలూరు డాక్టరు కాగితం మీద నత్తగుల్ల గీసినాడు.
చెవి లోపల ఇన్ని నీళ్ళుంటాయి,
మీ నీళ్ళు అబద్ధం చెప్తున్నాయి, అన్నాడు.

మొగిలి ఘాట్లో చెప్పినాయి మొదటిసారి.
రోడ్డు చాప చుట్టినట్టు చుట్టుకుంది.
బండి పక్కకు తీసి, హ్యాండ్ బ్రేకు లాగి,
టైరు కింద రాయి పెట్టమని కండక్టరు దొరవేలుకి చెప్పి
స్టీరింగు మీద తల వాల్చినా.
నలబైమూడు మంది. ఒక్కరికి గోరు గీసుకోలేదు.
తాగినాడన్నాడు ఒకాయన.
అన్‌ఫిట్ అని రాసినారు.

ఇప్పుడు బస్టాండులో కంట్రోలర్ని. కుర్చీ, మైకు, రిజిస్టరు.

మంచి చెవులున్నోళ్ళకి కూడా
మబ్బులో చెవి అబద్ధమే చెప్తుందంట,
ఒంటిని నమ్మొద్దు, ముల్లును నమ్మమంట.
అది చదివిన రాత్రి కోమలను లేపి చెప్పినా.
"సరే, పడుకో" అంది.

"టర్న్ రైట్, జీరో ఎయిట్ జీరో."
తిరుపతి రన్‌వే ముల్లు మధ్యకు జరగతా ఉంది.
ఎడమపక్క కొండలు. కనపడవు. మ్యాపుకి తెలుసు.
అప్పుడు గది కదిలింది.
కుర్చీ కదల్లా, గది కదిలింది:
క్యాలెండరు, ఫ్యాను, గోడకున్న గొడుగు, అన్నీ ఎడమకి.
తిప్పు, తిప్పు, అంటా ఉంది చెవి.
ఎదురుగా గుండ్రటి గాజులో
సగం నీలం, సగం మట్టిరంగు,
మధ్యలో అగ్గిపుల్లంత రెక్కలు,
బిందెలో నీళ్ళ మాదిరి సమంగా గీత.
గీతనే చూసినా. ఊపిరి కూడా గీత మీదనే తీసుకున్నా.
చెమట చుబుకం దాకా వచ్చి
కీబోర్డు మీద పడింది.
తిప్పలేదు.

వెయ్యి. ఎనిమిదొందలు. ఆరొందల అడుగులు.
ఇక్కడ దీపాలు కనపడాల.
కనపడలేదు.

"ఫోర్ వన్ సెవెన్ టూ, గోయింగ్ అరౌండ్."
చెప్పి, తిట్టు కోసం ఎదురుచూసినా.
"రోజర్. క్లైంబ్ ఫోర్ థౌజండ్."
కారణం చెప్పాలా మేడం, అనడిగినా, తెలుగు వచ్చేసింది నోట్లో.
"అక్కర్లేదండీ. కనపడకపోతే పైకెళ్ళిపోవడమే కదా.
మళ్ళీ వస్తారా, ఇవాల్టికి చాలా?"

క్లైంబ్ ఫోర్ థౌజండ్, అన్నా.
క్లైంబ్ ఫోర్ థౌజండ్, అని
అవసరం లేకపోయినా ఇంకోసారి చదివినా.

పొద్దున ఆరు. మొగిలి మీద మంచని ఫోను.
"పలమనేరు వెళ్ళు సర్వీసు నాలుగో ప్లాట్‌ఫారం నుండి బయలుదేరును"
రోజూ అక్కడితో ఆపేస్తా.
"డ్రైవరు గమనించాల. ఘాట్లో మంచుంది.
కనపడకపోతే పక్కకు తీసి ఆపుకో నాయనా. ఎవురూ ఏమీ అనరు."

బటను వదిలి ఆగినా.
టీ గ్లాసుల చప్పుడు. ఎవురో చిల్లర లెక్కపెడతా ఉండారు.
హారను, రెండుసార్లు.

ఆరూ ఐదు అని రాసినా రిజిస్టరులో.
విన్నాడని రాయడానికి
అందులో గడి లేదు.